కొత్తవలస నుంచి అరకు దాకా ఒకే గదిలో: రెండంతస్తుల హెచ్‌ఓ మోడల్ రైల్వే లేఅవుట్, కేస్ స్టడీ

విశాఖలో ఒక ఇంటి డాబా మీది గది. ప్లాస్టరింగ్ పోను లోపలి కొలత 5.4 × 3.6 మీటర్లు, అంటే వాడుకలో చెప్పే 18 × 12 గది. పొట్టి గోడలో ఒక మూలన 0.9 మీటర్ల తలుపు ఉంది, బయటికి తెరుచుకుంటుంది. యజమాని అడిగింది ఆ గదిలో కొత్తవలస–కిరండూల్ రైల్వే లైనులోని ఘాట్ (కొండ ఎక్కే) భాగానికి మోడల్: కింద కొత్తవలస, పైన అరకు, మధ్యలో బొర్రా గుహలు. డబ్లింగ్ రాకముందు ఉన్న సింగిల్ లైను. ఖాళీ రేకులు (గూడ్సు వ్యాగన్ల వరుసలు) పైకి వెళ్లాలి, బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న రేకులు కిందికి దిగాలి, ఎదురెదురు రైళ్లు బొర్రాలో క్రాసింగ్ పెట్టుకోవాలి.

అసలు లైనులో ఘాట్ ఎక్కుడు 60కి 1, అంటే 60 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. లైను మొత్తం మీద సొరంగాలు 58. గదిలో ఇంత పట్టదన్నది తెలిసిందే. ఘాట్ లైను లేఅవుట్‌లో చూడాల్సింది రైలు కొండ ఎక్కడమే. ఆ ఎక్కుడంతా ఒక మూలన కనపడని హెలిక్స్‌లో (స్ప్రింగులా చుట్లు తిరుగుతూ ఎక్కే పట్టాలో) పెట్టేస్తే మిగిలేవి రెండు చదును అరలు. అందుకని కళ్లెదుట ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కించగలిగితే అన్ని ఎక్కించి, మిగతాది మాత్రమే హెలిక్స్‌కు వదలాలని నియమం పెట్టుకున్నాం. కింద వచ్చే లెక్కలన్నీ ఆ నియమం నుంచి పుట్టినవే.

స్కేలు, రైలు పొడవు

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, ట్రాక్ గేజ్ 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. ఈ స్కేలులో 19.26 మి.మీ. కావాలి కాబట్టి పట్టాలు దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు. ముందు నుంచి చూస్తే తేడా తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే తెలియదు. 19 మి.మీ. ట్రాక్ చేత్తో కట్టుకోవచ్చు గాని, దొరికే ప్రతి బోగీకీ చక్రాలు మార్చాలి. అరవై మీటర్ల ట్రాక్‌కు అది అయ్యే పని కాదు.

మొదట తేల్చాల్సింది రైలు పొడవు. గది డ్రాయింగ్ ఆ తర్వాతే. ప్యాసింజర్ రైలుకు వాడే ఐసీఎఫ్ కోచ్ బఫర్ల నుంచి బఫర్లకు 22.297 మీటర్లు, స్కేలులో 256 మి.మీ. ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.713 మీటర్లు, స్కేలులో 123 మి.మీ. గూడ్సు లాగే ఎలక్ట్రిక్ ఇంజను డబ్ల్యూఏజీ-9 లోకో 236 మి.మీ. రెండు లోకోలు, 14 బాక్స్‌ఎన్‌లు, వెనక ఒక బ్రేక్ వ్యాన్ కలిపితే సుమారు 2.35 మీటర్లు. ఒక లోకోతో ఎనిమిది కోచ్‌ల ప్యాసింజర్ 2.28 మీటర్లు. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి కాబట్టి లూప్ లైను (క్రాసింగ్‌లో ఒక రైలు పక్కకు తప్పుకునే లైను) ఖాళీ పొడవు 2.6 మీటర్లుగా ఖాయం చేశాం. అసలు రేకులో యాభై దాటి వ్యాగన్లుంటాయి. కొండ వంపులో తలా తోకా ఒకేసారి కనపడకపోతే కంటికి 14 కూడా పొడవుగానే ఉంటాయి.

వంపు వ్యాసార్ధానికి వాడుకలో ఒక కొలమానం ఉంది. అన్నిటికంటే పొడవైన కోచ్‌కు రెండున్నర రెట్లుంటే రైలు నమ్మకంగా తిరుగుతుంది, మూడు రెట్లుంటే చూడటానికి బాగుంటుంది. 256కు ఆ లెక్కన 640, 768 వస్తాయి. కనపడే మూలల్లో 760, హెలిక్స్‌లో 660 తీసుకున్నాం. 600కి దిగితే హెలిక్స్ 12 సెం.మీ. చిన్నదవుతుంది. కాని పొడవు కోచ్‌లను వెనక నుంచి నెట్టినప్పుడు పట్టాలు తప్పే చోటు అదే అవుతుంది.

దారి

తలుపు పక్కనుంచి మొదలయ్యే పొడుగు గోడను 'ఏ' గోడ అందాం. దాని మీద కింది అంతస్తులో కొత్తవలస, సరిగ్గా దాని పైన అరకు. ఎదుటి పొడుగు గోడ 'బీ'. బీ గోడ, తలుపు గోడ కలిసే మూలలో హెలిక్స్. రైలు కొత్తవలసలో బయల్దేరి, దూరపు పొట్టి గోడ మీదుగా బీ గోడ చేరి, హెలిక్స్‌లో తిరిగి, పై అంతస్తు మీద వచ్చిన దారినే వెనక్కి అరకు చేరుతుంది. తలుపు దగ్గర వంతెన లేదు, వంగి దూరాల్సిన పని లేదు. వారం వారం వాడే గదిలో ఎత్తుడు వంతెన పెట్టమని మేం ఎవరికీ చెప్పం. ఆరు నెలలకే దాని పట్టాల చివర్లు ఒకదానికొకటి కలవడం మానేస్తాయి.

కొత్తవలసను ముందూ వెనకా సాగే స్టేషన్‌గా కాక అయిదు లైన్ల చివరి యార్డుగా చేశాం. మధ్య స్టేషన్లు ఎస్.కోట, బొడ్డవర వదిలేశాం. దాచిన స్టేజింగ్ యార్డు (రైళ్లు తమ వంతు వచ్చేదాకా నిలిచే యార్డు) కోసం మూడో అంతస్తు అడిగేవాళ్లుంటారు. ఇంత గదిలో దానికి ఇంకో హెలిక్స్ కావాలి. కనపడే యార్డే స్టేజింగ్ పని చేస్తుంది. లైన్ల చివర లోకో విడిపించుకుని పక్క లైను మీదుగా వెనక్కి రావడానికి 0.6 మీటర్లు వదిలాం. పాయింట్ల (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట్ల) నిచ్చెనకు 1.2, రైళ్లు నిలిచేందుకు 2.9 పోయింది. మొత్తం 4.7, చేతిలో ఉన్నది 4.8.

గది మధ్యలో 2.55 మీటర్ల ఖాళీ చూడగానే అక్కడ ఒక ద్వీపకల్పం లాగుదామనిపిస్తుంది. దాని కొసన రైలు తిరగడానికి 660 వ్యాసార్ధంతో 1.4 మీటర్ల వెడల్పు కావాలి. రెండు పక్కలా 57 సెంటీమీటర్ల నడవలు మిగులుతాయి. ఇద్దరు మనుషులు దాటుకోలేరు. వద్దన్నాం.

ఈ దారిలో ఒక చిక్కు ముందే చెప్పుకోవాలి. కింది అంతస్తులో కిరండూల్ వైపు ఒక చేతి పక్క ఉంటే, పై అంతస్తులో అది రెండో చేతి పక్కకు మారిపోతుంది. హెలిక్స్‌తో వెనక్కి మళ్లే ఏ లేఅవుట్‌లోనైనా ఇంతే. కొత్తగా నడిపేవాళ్లు మొదటి గంట బొర్రాలో రైలును తప్పు దిక్కుకు నడుపుతారు. రెండు అంతస్తుల ముందు పట్టీల మీద బాణం గుర్తు వేసి 'విశాఖ', 'కిరండూల్' అని రాసి పెట్టాం.

ఎత్తుల లెక్క

గదంతా ఒకే మట్టం తీసుకోవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపును మించింది లేదు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో నేల నుంచి 1000 మి.మీ. దగ్గర నాలుగు గోడల మీదా గీత కొట్టి, అన్ని ఎత్తులూ ఆ గీత నుంచే కొలిచాం. డాబా గదుల నేలకు నీళ్లు పోయేందుకు వాలు పెడతారు. నేల నుంచి కొలిస్తే ఆ వాలు కూడా లేఅవుట్‌లోకి వచ్చేస్తుంది.

పట్టా పైభాగం ఎత్తులు ఇలా తేలాయి. కొత్తవలస 960 మి.మీ. యార్డు దాటాక హెలిక్స్ ముఖం దాకా 7.1 మీటర్ల కనపడే దారి ఉంది. దాన్ని 50కి 1, అంటే 2% ఎక్కుడుగా పెట్టాం. చదును నుంచి ఎక్కుడులోకి మారేచోట నిలువు వంపుకు 0.6 మీటర్లు పోతాయి, దాంతో 6 మి.మీ. తగ్గి నికరంగా 136 మి.మీ. వచ్చింది. హెలిక్స్ మొదలు 1096. హెలిక్స్‌లో చుట్టుకు 91 చొప్పున మూడుముప్పావు చుట్లకు 341, కొస 1437. బయటి వంపులో ఎక్కుడు చదునయ్యేలోగా ఇంకో 7, బొర్రా 1444. అక్కడి నుంచి పొట్టి గోడ మీద 2.5 మీటర్ల ఎక్కుడుకు రెండు నిలువు వంపులు పోను 38, శిమిలిగూడ 1482. చిన్న దిగుడు తర్వాత అరకు 1476.

మొత్తం ఎక్కిన 522లో కళ్ల ముందు ఎక్కింది 174, మూడో వంతు. తక్కువేమీ కాదు. కొత్తవలసకూ అరకుకూ మధ్య ఎత్తంతా హెలిక్స్‌లోనే ఎక్కించి ఉంటే అయిదుముప్పావు చుట్లు, దాదాపు 24 మీటర్ల చీకటి దారి పట్టేది. ఇప్పుడు 15.55 మీటర్లు. గంటకు 30 కి.మీ. వేగాన్ని స్కేలులోకి మారిస్తే సెకనుకు 96 మి.మీ. ఆ వేగంతో రైలు కనపడకుండా పోయే సమయం నాలుగు నిమిషాల పైనుంచి 2 నిమిషాల 42 సెకన్లకు తగ్గింది.

ఎక్కుడును బయట పెట్టినందుకు మూల్యం కూడా ఉంది. కింది అంతస్తు ఎక్కేకొద్దీ పై అంతస్తు అడుగుకు దగ్గరవుతుంది. 'ఏ' గోడ మీద పై పట్టాకూ కింది పట్టాకూ మధ్య 516 మి.మీ. ఉంటే, హెలిక్స్ దగ్గర 348 మాత్రమే. పై అంతస్తు మందం 60 తీసేస్తే చూడటానికి 288 మి.మీ. కిటికీ. అంత ఇరుకులో ఆకాశం, దూరపు కొండలు పనికిరావు. అక్కడ కొండ కోత, సొరంగ ముఖాలు, తడిసిన నల్లరాయి పెట్టాలి. అసలు లైనులోనూ త్యాడ స్టేషన్ దాటాక దారి అలాగే ఉంటుంది కాబట్టి ఇరుకే కలిసొచ్చింది. దృశ్యం ముందు గీసుకుని ఎత్తులు తర్వాత సర్దుకోబోతే ఇక్కడ చచ్చినట్టు ఇరుక్కుంటారు.

పై అంతస్తుకు దీనికి తలకిందులైన ఇబ్బంది. 60 మి.మీ. మందం అరలో లోయ తవ్వలేం, పట్టా కంటే పైకి లేచే కొండలే కుదురుతాయి. పొట్టి గోడ దగ్గర మాత్రం రెండు పట్టాల మధ్య ఎత్తు 400 దాటి ఉంది. అందుకని వంతెన, దాని కింద 120 మి.మీ. లోయ ఆ చోటే పెట్టాం. కింది రైలు ఆ లోయ అడుగు కిందుగా సొరంగంలో పోతుంది.

హెలిక్స్

దీనిమీద ఎంత రాసినా తక్కువే. రెండంతస్తుల లేఅవుట్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

మొదట ఆకారం. మూడున్నర చుట్లు తిప్పితే రైలు వెనక్కి మళ్లుతుంది గాని గోడకు ఒకటింబావు మీటరు దూరంగా, నడవలోకి వచ్చి తేలుతుంది. మూడుముప్పావు చుట్ల దగ్గర విడిస్తే రైలు నేరుగా గోడ వైపు తిరిగి ఉంటుంది. అక్కడి నుంచి ఎదురు చేతి వంపు ఒక పావు చుట్టు వేస్తే గోడ వెంట పడుతుంది. ఎడమ వంపు వెంటనే కుడి వంపుకు అతికితే పొడవు కోచ్‌ల బఫర్లు, కప్లర్లు అడ్డంగా లాక్కుని పట్టా తప్పుతాయి. రెండు వంపుల మధ్య కనీసం ఒక కోచ్ పొడవు తిన్నని పట్టా ఉండాలి. అందుకోసం హెలిక్స్ కేంద్రాన్ని 260 మి.మీ. గదిలోకి జరిపాం. తలుపు పక్కన ఇంకా 1.1 మీటర్లు మిగిలింది.

ఎక్కుడు 2.2%. చుట్టుకొలత 4147 మి.మీ. కాబట్టి చుట్టుకు 91. అందులో 12 ప్లైవుడ్, 5 పట్టా, స్లీపర్లు. మిగిలేది 74. పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) దించిన డబ్ల్యూఏజీ-9 స్కేలులో 49 మి.మీ. లోకో ఇబ్బంది లేకుండా పోతుంది, మనిషి వేళ్లు కష్టం మీద పోతాయి. హెలిక్స్‌లో పై కరెంటు తీగ లేదు. కనపడే చోట స్తంభాలున్నాయి గాని తీగ లేదు. పాంటోగ్రాఫ్‌లను సన్నని తీగతో దించి కట్టేశాం, లేకపోతే సొరంగ ముఖాలకు తగులుకుంటాయి.

కాగితం మీద 2.2% అయినా లోకోకు తగిలే బరువు అది కాదు. వంపు కూడా లాగుతుంది. హెచ్‌ఓలో 32ను అంగుళాల్లో ఉన్న వ్యాసార్ధంతో భాగిస్తే వంపు ఎంత శాతం ఎక్కుడుకు సమానమో వస్తుంది. 660 అంటే 26 అంగుళాలు, కాబట్టి 1.23. మొత్తం 3.4%. కనపడే మూలల్లో అదే లెక్క 3.07 ఇస్తుంది. అంటే రేకు పొడవును నిర్ణయించేది హెలిక్సే. అందుకే మూలల్లో ఎక్కుడు తగ్గించే జోలికి పోలేదు. హెలిక్స్ ఎక్కిన రైలు ఎక్కడైనా ఎక్కుతుంది.

వ్యాగన్ బరువుకు అమెరికా మోడల్ రైల్వే సంఘం సూత్రం వాడాం: ఒక ఔన్సు, దాని మీద పొడవులో అంగుళానికి అర ఔన్సు. బాక్స్‌ఎన్‌కు 97 గ్రాములు, ఐసీఎఫ్ కోచ్‌కు 171. 14 వ్యాగన్లు 1.36 కిలోలు. 3.4% లెక్కన 46 గ్రాముల లాగుడు, చక్రాల రాపిడికి 27, రెండు లోకోల సొంత బరువును ఎక్కించడానికి 20, మొత్తం 93. 450 గ్రాముల లోకో తన బరువులో అయిదో వంతు లాగుతుందనుకుంటే ఒక్కో లోకోకు 90. ఒకే లోకోతో సరిగ్గా అంచున ఉంటుంది, పట్టా మీద కాస్త దుమ్ము పడితే జారుతుంది. అందుకే రెండు లోకోలు తప్పనిసరి. పై రాపిడి లెక్క నిలబడాలంటే ప్రతి వ్యాగన్ 2% వాలు మీద దానంతట అది దొర్లాలి. దొర్లని వాటికి లోహపు చక్రాలు వేసి, ఇరుసు గుంటలు శుభ్రం చేశాక రేకులో చేర్చాం.

ఖాళీ వ్యాగన్ అనేది కంటికి ఖాళీగా కనపడాలే గాని బరువులో కాదు. ఖనిజం లోడు తేలికగా తీసిపెట్టేదిగా చేసి, బరువు మొత్తం వ్యాగన్ అడుగున పెట్టాం. ఖాళీ రేకు ఎక్కేటప్పుడు తేలిక వ్యాగన్లు మధ్యలో ఉంటే ముందు లోకో లాగుడు, వెనక వ్యాగన్ల బరువు కలిసి వాటిని వంపు లోపలికి పడదోస్తాయి. లోడుకు అసలు ఖనిజపు పొడి వాడదామని ఎవరికైనా అనిపిస్తుంది, ఊళ్లోనే దొరుకుతుంది మరి. వద్దు. అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఏ కొద్దిగా ఉన్నా లోకో మోటార్లలోకి చేరతాయి. జల్లించిన ఇసుకకు ముదురు ఎరుపు గోధుమ రంగు వేస్తే చాలు.

నిర్మాణానికి 6 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. ఒక్కో ముక్క 60 డిగ్రీలు, వెడల్పు 110 మి.మీ. పొరకు 23 చొప్పున 46 ముక్కలు. 8 × 4 షీటులో ఒకదానిలో ఒకటి పొదిగి గీస్తే 24 వస్తాయి, రెండు షీట్లు సరిపోయాయి. మొదట 75 మి.మీ. వెడల్పు అనుకుంటారు చాలామంది. కోచ్ వంపులో లోపలికీ బయటికీ తేలేది కలుపుకుంటే పట్టా మధ్య నుంచి అటూ ఇటూ 26 మి.మీ. వదలాలి. ఆపైన 8 మి.మీ. రాడ్డు, వాషరు పట్టాలి. 75లో రంధ్రం అంచుకు వచ్చి ప్లైవుడ్ చీలుతుంది. రాడ్లు మధ్య గీతకు 45 మి.మీ. దూరంలో ఉంటే బాగుంటుంది. ముందు ముందు డబుల్ లైను కావాలనుకుంటే 720 వ్యాసార్ధం రెండో పట్టాకు 170 వెడల్పు ఇప్పుడే కోయాలి, తర్వాత రాడ్లు జరపడం కుదరదు. ఇక్కడ ఆటంతా సింగిల్ లైను క్రాసింగ్‌లోనే ఉంది కాబట్టి వదిలేశాం.

చుట్టూ ఎనిమిది చోట్ల, లోపల ఒకటి బయట ఒకటి, 16 రాడ్లు. మీటరు రాడ్డును సగం చేస్తే ఎనిమిది కొంటే చాలు. ప్రతి చోటా చుట్టు కింద ఒక నట్టు, పైన ఒకటి: సుమారు 120 నట్లు, 120 వాషర్లు. పోగొట్టుకునేవాటితో 150 తెచ్చాం. సముద్రపు గాలికి మామూలు ఇనుము రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి నట్టు బిగుసుకుంటుంది. జింకు పూతవే తీసుకోవాలి. రాడ్డు మర 1.25 మి.మీ., అంటే నట్టు ఒక తిప్పుకు ఎత్తు 1.25 మారుతుంది. ఎక్కుడు సర్దడానికి ఇంత వీలైనది వేరే లేదు. స్తంభం నుంచి స్తంభానికి 11.4 మి.మీ. పెరగాలి. ఆ తేడాతో చెక్క దిమ్మలు కోసుకుని వాటి మీద ఆనించి బిగించాం. నట్టును అడుగు దాకా దింపడానికి 270 తిప్పులు పడతాయి, డ్రిల్లు కొసకు రబ్బరు ముక్క తగిలించి నట్టు అంచుకు ఆనిస్తే నిమిషంలో దిగుతుంది.

ఒక చుట్టు పూర్తవగానే పట్టా వేసి, ఫీడర్లు (పట్టాకు కరెంటు అందించే తీగలు) టంకం పెట్టి, పూర్తి రేకును పైకీ కిందికీ, లాగుతూ నెడుతూ నడిపి చూశాకే రెండో చుట్టు మొదలుపెట్టాలి. పైచుట్టు వచ్చాక కింది చుట్టులో టంకం కడ్డీ దూరదు. అంచులకు 25 మి.మీ. ఎత్తు పట్టీ బిగించాం. అంతకంటే ఎత్తు పెడితే పడిపోయిన వ్యాగన్‌ను తీయడానికి చెయ్యి పోదు. హెలిక్స్ లోపల 1.2 మీటర్ల ఖాళీ ఉంది. కింద నుంచి దూరి లోపల నిలబడి పని చేయవచ్చు.

చెక్క, గోడ

ప్లైవుడ్ ఐఎస్ 710, అంటే నీటికి ఆగే బీడబ్ల్యూపీ రకం. ఎంఆర్ రకం చవకే గాని విశాఖ తేమలో పొరలు ఉబ్బుతాయి, చెదలు కూడా త్వరగా పడతాయి. కోసిన అంచులన్నిటికీ ప్రైమర్ పట్టించాలి. తేమ చొరబడేది అంచుల నుంచే.

పై అంతస్తు 300 మి.మీ. లోతు, 12 మి.మీ. ప్లైవుడ్. కింద కాళ్లు పెట్టకుండా గోడకే వేలాడదీశాం. 25 × 25 × 3 ఇనుప యాంగిల్‌తో గ్రిల్ వెల్డింగ్ షాపులో బ్రాకెట్లు చేయించి, 450 మి.మీ. దూరానికొకటి యాంకర్ ఫాస్టెనర్లతో బిగించాం. ఇటుక గోడకు ఇది గట్టి పద్ధతి. తేలిక బ్లాకుల గోడైతే మామూలు ఫాస్టెనర్ పట్టదు, పొడవాటి నైలాన్ ప్లగ్గులు కావాలి. అల్మారాలకు వాడే గాడుల చానెళ్లు తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది గాని బ్రాకెట్ ఎత్తు గాడి గాడికే మారుతుంది, 2% ఎక్కుడుకు మళ్లీ చెక్క ముక్కలు పేర్చాలి. కింది అంతస్తు 'ఏ' గోడ దగ్గర 600, మిగతా చోట్ల 450 లోతు.

పట్టా, పాయింట్లు, కరెంటు

పట్టా 914 మి.మీ. ఫ్లెక్స్ (కావలసినట్టు వంచుకునే) ముక్కలు. యార్డు, హెలిక్స్, లూప్, అరకు అన్నీ కలిపి 60 మీటర్లకు కాస్త తక్కువ. తరుగుతో 72 ముక్కలు తెప్పించాం. పాయింట్లు 13: కొత్తవలసలో 6, బొర్రాలో 3, అరకులో 4.

బొర్రా లూప్‌కు బీ గోడ మీద తిన్నని చోటు 2.3 మీటర్లే ఉంది. లూప్ మూల వంపు మీదుగా సాగి పొట్టి గోడ మీద ముగిసింది. వంపులో రెండు లైన్ల మధ్య దూరం తిన్నని చోట పెట్టే 50 మి.మీ. సరిపోదు. ఐసీఎఫ్ బోగీ కేంద్రాల మధ్య 170 మి.మీ., కాబట్టి 760 వంపులో కోచ్ నడుము లోపలికి 4.8, కొసలు బయటికి 6 మి.మీ. తేలతాయి. 37 మి.మీ. వెడల్పు కోచ్‌లు రెండు పక్కపక్కన దాటాలంటే 48 కావాలి. 50లో మిగిలేది రెండు మిల్లీమీటర్లు, పట్టా కాస్త వంకరైతే అదీ ఉండదు. 58 పెట్టాం. లూప్ మొత్తం చదునుగా ఉంచాం. 1% వాలులో కూడా లోకో విడిచిన రేకు దొర్లిపోవచ్చు.

డాబా గదిలో మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ 20 డిగ్రీల తేడా ఉండొచ్చు. నికెల్ సిల్వర్ పట్టా ఆ తేడాకు హెలిక్స్ పొడవున సుమారు 5 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడుకు చోటివ్వకపోతే పట్టా పక్కకు ఉబ్బుతుంది. ఉబ్బేది ఎప్పుడూ చెయ్యి అందని చుట్టులోనే. రెండు ముక్కలు కలిపి టంకం పెట్టి, ఆ జంటకూ తర్వాతి జంటకూ మధ్య 0.7 మి.మీ. ఖాళీ వదిలాం. ఆ ఖాళీ దగ్గర పట్టాలను కలిపే కీలు పట్టీకి టంకం పెట్టకూడదు, ప్రతి ముక్కకూ సొంత ఫీడరు ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం వేస్తే ఖాళీ ఇంకా తగ్గించవచ్చు. చలికాలం ఉదయం వేస్తే పూర్తి మి.మీ. వదలడం మంచిది.

నడిపేది డీసీసీ, అంటే ప్రతి లోకోలోని డీకోడర్‌కు పట్టాల ద్వారానే వేరువేరుగా ఆదేశాలు పంపే పద్ధతి. ప్రధాన తీగ 2.5 చదరపు మి.మీ. ఇంటి వైరింగ్ రాగి తీగ, ఎరుపు నలుపు. ఫీడర్లు 0.5 చదరపు మి.మీ., పొడవు 30 సెం.మీ. మించకుండా. కింది అంతస్తు, హెలిక్స్, పై అంతస్తు మూడు వేరు వేరు కరెంటు విభాగాలు, దేనికది ఓవర్‌లోడ్ కట్. అరకులో ఒక వ్యాగన్ పట్టా తప్పితే హెలిక్స్‌లోని రైలు ఆగకూడదు. పరీక్ష చవక: రూపాయి బిళ్లను పట్టాల మీద అడ్డంగా పెట్టాలి. ప్రతి మీటరుకు ఒకచోట, హెలిక్స్ కొసలో కూడా, కట్ వెంటనే పడాలి. ఒక చోట పడకుండా తీగ వేడెక్కితే అక్కడ ఫీడరు వదులు. హెలిక్స్‌లో చుట్టుకు ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టి, ముందు పట్టీ మీద నాలుగు దీపాలు వెలిగేలా చేశాం. రైలు ఏ చుట్టులో ఉందో తెలియకపోతే నడిపేవాళ్లు కంగారుతో వేగం పెంచుతారు.

వెలుతురు పై అంతస్తు ముందు అంచు లోపల 24 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ. అయిదు మీటర్లు దాటినచోట రెండు కొసల నుంచీ కరెంటు ఇచ్చాం, లేకపోతే దూరపు కొసన మసకబారుతుంది.

నడిపాక బయటపడ్డవి

ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. వాలులో వ్యాగన్లు లోకోను తోస్తాయి, గేర్లలో ఉన్న వదులు వల్ల లోకో కుదుపుతో నడుస్తుంది, కుదుపుకు కప్లర్లు విడిపోతాయి. రెండు లోకోల వేగ పట్టికలను డీకోడర్‌లో ఒకదానికొకటి సరిచేశాక చాలావరకు తగ్గింది. మిగిలినది కప్లర్ ఎత్తు తేడా. కొలత గేజుతో అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చాం.

హెలిక్స్ మొదట్లో ఒకే చోట వ్యాగన్లు విడిపోతుంటే చూస్తే నిలువు వంపు తప్పు. ప్రతి 150 మి.మీ.కి అర శాతం మించి ఎక్కుడు మారకూడదు. అక్కడ ప్లైవుడ్ అతుకు దగ్గర ఒకేసారి ఒక శాతం మారింది. రెండు స్తంభాల నట్లు మూడేసి తిప్పులు సర్దితే పోయింది. అతుకు మీద టంకం పెట్టిన పట్టా కీలు కూడా రాకుండా చూసుకోవాలి, రెండు బలహీనతలు ఒకేచోట కలిస్తే మూల పడుతుంది.

మొదటి వానాకాలం తర్వాత హెలిక్స్ నట్లన్నీ తనిఖీ చేశాం. తేమకు ప్లైవుడ్ ఉబ్బి, ఎండకు తగ్గాక వాషర్ల కింద వదులు వచ్చింది. పై నట్లు పావు తిప్పు బిగించి, దిమ్మలతో ఎత్తులు మళ్లీ కొలిస్తే రెండు చోట్ల తేడా ఒక మి.మీ. దాటింది. సర్దాక ప్యాసింజర్ ఎనిమిది కోచ్‌లతో, రేకు 14 వ్యాగన్లతో ఆగకుండా ఎక్కాయి. ఒకే లోకోతో రేకు ఎన్ని వ్యాగన్ల దాకా ఎక్కుతుందని యజమాని అడిగారు. పట్టా తుడిచిన రోజు పదకొండు, తుడవని రోజు ఎనిమిది.